వీరమ్మ గడప ముందు ఆగని పీరు

ఆ పొద్దున సిద్దప్ప పాదాల మీద ఊరంతా నీళ్లు పోసింది. మొహర్రం చివరి రోజు ఊరేగింపులో పీరు ఏ గడప ముందు ఆగితే ఆ ఇంటి ఆడమనిషి, పీరును మోసేవాడి కాళ్ల మీద బిందెడు నీళ్లు కుమ్మరిస్తుంది. గోనెగండ్ల పక్కనున్న ఆ ఊళ్లో పీరు ఆగని గడప ఒక్కటే. అది వీరమ్మది.

పీర్ల చావిడిని చూసుకునే ముజావరు జమాల్‌సా. పీరును ఎత్తేది మాత్రం తాతల నాటి నుంచీ సిద్దప్ప ఇంటివాళ్లే. మిగతా రోజుల్లో అతను పత్తి చేలకు మందు కొట్టే కూలి.

కుంపిణీ దొరలు శిస్తు పెంచిన కాలంలో ఊరి మగవాళ్లు, సాయిబులూ హిందువులూ అన్న తేడా లేకుండా, పీరు ముందు ఒట్టేసుకున్నారని చెబుతారు. ఈటెలు, కత్తులు చావిడి ముందున్న అగ్నిగుండంలో బూడిద కింద దాచారు. ఎవరో దొరకు చెప్పారు. సిపాయిలు గుండం తవ్వి, ముగ్గురిని ఊరి బయట ఉరి తీశారు. చెప్పింది వీరమ్మ అత్తింటి వంశంవాడేనని ఊరి మాట. అందుకే పీరు ఆమె ఇల్లున్న సందు మొదట్లో మొగం తిప్పుకుంటుందని, పీరును మోస్తూ పూనకంలో ఉన్న మనిషికి ఆ సంగతే తెలియదని అందరి నమ్మకం.

సిద్దప్పకు తెలుసు. మొదటిసారి పీరును చేతికిచ్చిన రోజే తండ్రి చెవిలో చెప్పాడు. "ఆ సందు కాడ కుడికాలి మీద తిరుగు. మిగిలింది జనమే సూసుకుంటారు."

"వాళ్లే సెప్పినారని ఎవురు సూసినారు నాయనా?"

"ఎవురో ఒగరు సెప్పింటారు గదరా. మన ఇల్లు కాదు. అంతే సాలు."

ఈసారి పండగకు ముందు వీరమ్మ చావిడి దగ్గరికే వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఇప్పటికీ కూలికి పోతుంది.

"సిద్దప్పా, నేను సచ్చేలోపల ఒక్కసారి ఆ కాళ్ల మీద నీళ్లు పొయ్యనీ రా. నా ఇంటి కాడ నిలబడితే పీరుకు కాళ్లు నొస్తాయా?"

"నా సేతిలో ఏముందక్కా? సామి యాడికి నడిపిస్తే ఆడికి పోతాను."

"అట్లయితే సామికే సెప్పుకుంటాలే. నువ్వు ఉత్త మోసేటోనివి గదా," అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ నవ్వు అతనికి రెండు రోజులు అన్నం సయించనివ్వలేదు. ఈసారి తిరగకూడదని గట్టిగా అనుకున్నాడు.

పండగ నాడు ఊరేగింపు ఆ సందు మొదట్లోకి వచ్చేసరికి పలక కొట్టే తిరుపాల్ ఎప్పటిలాగే దెబ్బ మార్చాడు. జనం వాళ్లంతట వాళ్లే పక్కకు జరిగి, మలుపుకు దారి వదిలారు. సెల్‌ఫోన్ పట్టుకున్న ఒకడు అరిచాడు. "సూడండన్నా, ఇప్పుడు ఎట్ల తిప్పుకుంటాదో సూడండి!"

సందులో వీరమ్మ గడప కడిగి ముగ్గేసి ఉంది. తోమిన ఇత్తడి బిందె నడుమున పెట్టుకుని, తల మీద కొంగు కప్పుకుని నిలబడింది. ఆమె చూస్తున్నది పీరును కాదు. సిద్దప్ప కాళ్లను.

అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి. ఆగితే, ఇన్నేళ్లూ తిరిగింది ఎవరని ఊరు అడుగుతుంది. సిద్దప్ప కుడి మడమ తిరిగింది. జనం ఒక్క గొంతుతో కేక పెట్టారు. వెనక బిందెడు నీళ్లు నేల మీద ఒక్కసారిగా పడిన చప్పుడు అతనికి పలక మోతలోనూ వినిపించింది. ఆమె తన గడప మీదే పోసుకుందేమో, అతను తిరిగి చూడలేదు.

చావిడిలో పీరును దించాక జమాల్‌సా అతని మొగం తుడుస్తూ, "సామి బాగా ఆడినాడప్పా," అన్నాడు. సిద్దప్ప తల వంచుకుని తడి పంచె పిండుకున్నాడు.

తెల్లారి కూలి ఇద్దరికీ ఒకే చేలో పడింది. అతను మందు కొట్టాలి, ఆమె నీళ్లు మోయాలి. వీపున మందు ట్యాంకు కట్టుకుని సిద్దప్ప గట్టు మీద వంగాడు. వీరమ్మ మూత తీసి బిందె ఎత్తింది.

"అక్కా, నిన్న..."

"కదలొద్దు రా. నీళ్లు ఒలికిపోతాయి."

అతను కదలలేదు. నీళ్లు వీపు వెనక గుడగుడమంటూ నిండాయి. కొన్ని చుక్కలు పిక్కల మీదుగా పాదాల మీదికి జారాయి. ఆమె మూత బిగించి, ఖాళీ బిందెతో బోరు వైపు నడిచింది.

పొద్దు వాలేలోగా ఆమె అతనికి పద్నాలుగు ట్యాంకులు నింపింది.