సావిడి దీపం మార్చిన రోజు

దయ్యాలంటే నాకు మొదట్నుంచీ నవ్వే. తాలూకా కచేరీలో గుమాస్తాను. కాగితం మీద లేనిది లోకంలోనే లేదనే రకం. ఎవరైనా చింతచెట్టు దగ్గర ఏదో చూశామంటే, "ఎన్ని గంటలకు? సాక్షులెవరు?" అని అడిగి ఏడిపించేవాణ్ణి. అలాంటి నాకే జరిగిందిది. సాక్షులు కూడా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

మన్యంలో పితూరీ సద్దుమణిగిన మరుసటేడు, నర్సీపట్నంలో మా ఇంట్లోనే మా చెల్లెలు సత్యవతి పెళ్లి పెట్టుకున్నాం. నాన్న పోయి అప్పటికి మూడేళ్లు. మంచి సంబంధం, అందరికీ సంతోషమే. కానీ ఆయన చూడకుండా జరిగిపోతోందని అమ్మకు బెంగ. ఆ లోటు కనబడనివ్వకూడదని నేను ఉన్న హడావుడికి తోడు లేని హడావుడి కూడా చేశాను. గ్యాసు లైటు ఆలోచన అందులోంచే పుట్టింది.

ఇంట్లోకి రాగానే ఉండే పెద్ద గదే మా సావిడి. దాని నడిమి దూలానికి ఒక కొక్కెం, దానికి పాత ఇత్తడి కిరసనాయిలు దీపం వేలాడుతూ ఉండేది. కింద నూనె బుడ్డి, పైన గాజు చిమ్నీ. దాన్ని దింపి కొత్త గ్యాసు లైటు తగిలిస్తే సావిడంతా పట్టపగల్లా ఉంటుందని నా ఉబలాటం. వడ్రంగి పాయకరావుపేటలో ఏదో పని మీద ఉండిపోయాడు. ఇదేమంత పని, నేనే చేస్తానన్నాను. అంతవరకూ సుత్తి పట్టుకున్న పాపాన పోలేదు.

లైటుతో పాటు ఒక ఇంగ్లీషు కాగితం వచ్చింది. పాత దీపం ఆర్పి, చల్లారాక నూనె వంచేసి, అప్పుడే దింపమంది. కొత్తది తగిలించే ముందు కొక్కేనికి రెట్టింపు బరువు కట్టి చూడమంది. నేను చదివి వినిపిస్తే అమ్మ ఒక్క మాటతో కొట్టిపారేసింది. పందిరి రాట వేసిన దగ్గర్నుంచి మూడు ముళ్లూ పడేదాకా, పగలైనా సరే, సావిడి దీపం కొండెక్కకూడదు. అది మా ఇంటి ఆచారం. వెలుగుతుండగానే దింపి దేవుడి గదిలో పెట్టమంది. తప్పని తెలిసీ తల ఊపాను. పెళ్లింట్లో అమ్మతో పేచీ ఎవడు పెట్టుకుంటాడు?

పెళ్లి రోజు మధ్యాహ్నం. ముహూర్తం సాయంత్రానికి. చుట్టాలంతా పెరట్లో పందిరి కింద భోజనాలు చేస్తున్నారు. ఉపవాసం ఉన్న పెళ్లికూతురే వచ్చి నిచ్చెన పట్టుకుంది. అమ్మ వంటింట్లో ఉంది. సావిడిలో ఇంకెవరూ లేరు.

పైకెక్కి చెయ్యి చాపగానే దీపం ఆరిపోయింది. గాలి అనుకున్నాను. గుమ్మానికి కట్టిన మామిడాకుల్లో ఒక్కటీ కదలడం లేదు. అమ్మ గొణుక్కుంటూ పొయ్యిలోంచి పుల్ల తెచ్చిచ్చి మళ్లీ వంటింట్లోకి వెళ్లింది. వెలిగించి చిమ్నీ బిగించాను. బుడ్డిలో నూనె సగానికి పైనే ఉంది, వత్తి కొత్తది. మంట నిలకడగా నిలిచింది. కొక్కెం మీద చెయ్యి వేశాను.

"ఉఫ్" అని వినబడింది. బుగ్గలు పూరించి గట్టిగా ఊదిన చప్పుడు. దీపం మళ్లీ ఆరిపోయింది. ఆ ఎత్తున ఉన్న నోరు నాదొక్కటే. ఆ నోట్లో అప్పుడు, దీపాన్ని కట్టి దింపడానికి తెచ్చిన తాడు కొస కరుచుకుని ఉన్నాను.

వంటింట్లోంచి అమ్మ, తల కూడా తిప్పకుండా కసిరింది. "పెల్లింట్లో దీపం నోటితో ఊదుతారేటండీ! ఎన్నిసార్లు సెప్పాలి మీకు!"

అనేసి ఆగిపోయింది. అమ్మ నన్నెప్పుడూ 'అండీ' అనదు. మా ఇంట్లో దీపాన్ని నోటితో ఊదింది ఒక్క నాన్నే. అలా ఊదకూడదు, వత్తి తగ్గించండి అని అమ్మ పాతికేళ్లు పోరింది. ఆయన పాతికేళ్లూ ఊదుతూనే ఉన్నారు.

అమ్మ మెల్లిగా వచ్చి దీపం వంక చాలాసేపు చూసింది. "ఇంక ఎలిగించకురా. అలాగే దింపీ" అంది. ఆచారం ఊసే ఎత్తలేదు.

దీపాన్ని కొక్కెం నుంచి తప్పించానో లేదో, బుడ్డి అడుగున అతుకు ఊడిపోయింది. కిరసనాయిలంతా నా మీదుగా కిందున్న సత్యవతి నెత్తిన పడింది. మంట ఉండి ఉంటే ఏమయ్యేదో ముగ్గురికీ తెలుసు. నేను గబగబా నిచ్చెన దిగాను.

ముందు నవ్వింది సత్యవతే. "ఓలమ్మో, ఈ కంపుతో పీటల మీద కూకుంటే పెల్లికొడుకు పారిపోడేటే!" అంది. అమ్మ నవ్వింది, ఏడ్చింది, మళ్లీ నవ్వింది. సున్నిపిండి పెట్టి మా ఇద్దరినీ తోమిన తోముడికి రెండు రోజులు నా వీపు మండింది.

తర్వాత అంతా కాగితంలో ఉన్నట్టే చేశాను. కొక్కేనికి పెద్ద పనసకాయ కట్టి వేలాడదీశాను. భోజనాలు చేసి వచ్చిన చుట్టాలు నోళ్లు తెరుచుకుని చూసి, ఇదేం ఆచారమని అడిగారు. "మా ఇంటిదే" అంది అమ్మ, ఏమాత్రం తడబడకుండా. కొక్కెం కదల్లేదు. పనసకాయ దించి లైటు తగిలించాను. సాయంత్రం ఆ వెలుగులో మా బాబాయి కన్యాదానం చేశాడు. సావిడి ధగధగలాడిపోయింది. నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

తిరిగొచ్చాక వడ్రంగి పాత దీపం చూసి, అతుకు ఎప్పట్నుంచో వదులైంది, అందుకే మంట నిలవలేదేమో అన్నాడు. సరే, అలాగే అనుకుందాం. కానీ అతుకు "ఉఫ్" అనదు కదా. నేనూ విన్నాను, సత్యవతీ విన్నది. వంటింట్లో ఉన్న అమ్మకైతే అది ఎవరి చప్పుడో కూడా తెలిసిపోయింది.

అప్పగింతల వేళ సత్యవతి అమ్మకూ నాకూ దండం పెట్టి, నేరుగా సావిడి నడుమకు వెళ్లి, ఎవరూ లేనిచోట వంగి నేలను తాకి కళ్లకద్దుకుంది. పెళ్లివారు ఆ దండం కొత్త లైటుకనుకున్నారు. అమ్మ మాత్రం, ఇంకొకరికి చోటిస్తున్నట్టు, ఒక అడుగు పక్కకు జరిగి నిలబడింది. అదంతా ఏమిటో ఇప్పటికీ నేను చెప్పలేను. నాన్న లేకుండా పెళ్లయిపోయిందన్న మాట మాత్రం ఆ తర్వాత మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.