చింతచెట్టుకు కట్టేసిన నా కుర్చీ

తార్నాక నుంచి యూనివర్సిటీ క్యాంపస్‌లోకి వచ్చే రోడ్డు మహా అందంగా ఉంటుందట. పెళ్లికి ముందు ఫొటోలు దిగడానికి వచ్చే జంటలు చెప్పుకుంటుంటే విన్నాను. రోడ్డు మలుపులో ఉన్న ముసలి చింతచెట్టును చూడటానికి ఆదివారం కార్లేసుకుని మరీ వస్తారు. దాని కిందే ఇన్నేళ్లు కూర్చున్న నాకు ఆ అందం సంగతి తెలియదు. ఎండ ఏ వేళకు ఎటు తిరుగుతుందో, ఏ కొమ్మ మీది కాకి గురి తప్పకుండా పుస్తకం మీద రెట్ట వేస్తుందో మాత్రం తెలుసు.

చింతచెట్టు మీద దయ్యాలుంటాయంటారు. సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే మేం కింద చేరాక అవి భయపడి పారిపోయి ఉంటాయి. లైబ్రరీలో చోటు దొరకని వాళ్లం తలా ఒక ప్లాస్టిక్ కుర్చీ కొనుక్కుని, చెట్టుకు గొలుసేసి తాళం పెట్టుకున్నాం. అందరం చదువుకున్నవాళ్లమే కదా, ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం!

మాకు మూఢనమ్మకాలు అసలు లేవు, ఒక్కటి తప్ప. ఉద్యోగం కొట్టినవాడి కుర్చీలో కూర్చుంటే ఉద్యోగం వస్తుంది. అలాంటి కుర్చీకి కాలు విరిగినా తాడు చుట్టి కూర్చునేవాళ్లున్నారు. ఉద్యోగం రానివాడి కుర్చీని మాత్రం ఎవరూ ముట్టుకోరు. అది ఎండకు పెళుసెక్కి, చివరికి చెత్తబండి ఎక్కుతుంది.

నోటిఫికేషన్ కోర్టుకెళ్లి తిరిగొచ్చేలోగా నాకు వయసు దాటిపోయింది. "ఏజ్ అయిపాయె గద, గా కుర్చీ ఇంటికన్న తే. నీళ్ల క్యాన్ పెట్టనీకి పనికొస్తది" అంది నా భార్య. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. కానీ ఇన్నేళ్లు నన్ను మోసిన కుర్చీ క్యాన్ కింద పీట అవుతుందంటే మనసొప్పలేదు. చదువుకునేవాళ్లెవరికైనా ఇచ్చేద్దామని వెళ్లాను.

తాళం తీస్తుంటే పుస్తకాల సంచీతో ఒకమ్మాయి వచ్చి నిలబడింది. అడిక్‌మెట్‌లో కొత్తగా రూం తీసుకుందట.

"ఖాళీ చేస్తున్నవా అన్నా?"

"అవును. కుర్చీ కావాల్నా?"

"నీకేం జాబ్ వచ్చిందన్నా?"

ఏదో ఒక ఆఫీసు పేరు చెబితే చాలు, కుర్చీ బతికిపోతుంది. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్లకు లేని అదృష్టాన్ని అంటగట్టడానికి సిగ్గేసింది.

"రాలే" అన్నాను.

ఆమె కుర్చీని పట్టుకుని అటూ ఇటూ ఊపింది. తర్వాత బరువంతా వేసి కూర్చుంది.

"గిన్నేండ్లు కూసున్నా ఇరగలేదంటే గట్టిదే అన్నా. నాగ్గూడ ఎన్నేండ్లు పడ్తదో ఏమో!"

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, నీళ్ల క్యాన్‌కు స్టాండు కొనడానికి తార్నాక వైపు నడిచాను.