ఇత్తడి జల్లెడ మీది అక్షతలు

నేడు మా మేనబావ దశాహం. పోయినవారికి ఈ దినాన నీళ్ళు వదలడం కొడుకుల విధి. వారి నడవడిని నలుగురి ముందు తలచుకొనడం మాబోటి మిగిలినవారి విధి. నీటితో విడిచేది ఒక తర్పణమైతే, మాటతో విడిచేది మరొకటి. ఆ రెండవదాని కొరకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కబురు తెచ్చినవాడు హైదరాబాదు బస్సు డ్రైవరు. కల్వకుర్తిలో మా బడి ముందర బస్సు ఆగే చోటు లేదు. అయినా ఆపి, దిగి, తరగతి గుమ్మం దాకా నడిచి వచ్చాడు. "సారూ, మీ బావ దవాఖానల తెల్లారంగ పోయిండు. మా బండ్లకు ఏ నొప్పొచ్చినా ఆయన దగ్గర్కే తోలుకొస్తుంటిమి. ఇగ ఎవర్కి చూపియ్యాలె?" అని అక్కడే నిలుచున్నాడు. బస్సులోనివారు ఒక్కరూ తొందరపెట్టలేదు.

మా బావ రామన్నపేటలో మగ్గాల ఇంట పుట్టాడు. ఈడు రాగానే హైదరాబాదు పోయి మోటారు పని నేర్చాడు. మా మామ కాలం చేసిన తరువాత తల్లిని, అంటే మా మేనత్తను, వెంటబెట్టుకొని వచ్చి కల్వకుర్తిలో రేకుల షెడ్డు వేశాడు. మగ్గం విడిచినా నేతగాని వేళ్ళు ఆయనను విడువలేదు. పడుగుకు పట్టిన గంజి ఆరిందో లేదో తడిమి చూసినట్టే, ఇంజనులోని గాలి దారులను గరుకు కాగితంతో రుద్ది, కళ్ళు మూసుకొని, వేలి కొసతో నునుపు చూసేవాడు.

ఆయన ఒక పాత చిన్న కారు కొన్నాడు. జిల్లాలో కార్లు అరుదుగా కనబడే రోజులవి. హైదరాబాదు ఆంధ్రలో కలిసిన తరువాతి తొలి ఏళ్ళు. కారు వెనుక భాగాన్ని కోసి, మీద మడతబందులు బిగించి, పెట్టె మూత వలె పైకి లేచే తలుపు పెట్టాడు. వెనుక సీటు మడిస్తే రామన్నపేట చీరల మూటలు అందులో పట్టేవి. ఎదుటి చాయ హోటలు యజమాని ఊరుకోలేదు.

"ఏందన్నా, మంచి బండికి తోక కోసినవ్?"

"తోక కోసి దర్వాజ పెట్టిన. నీ హోటలుకు ఎనుక దర్వాజన్న ఉన్నదా?"

ఆయనకు జీవితంలో ఒక్కటే కోరిక ఉండేది. హైదరాబాదు వెలుపల విమానాలు దిగడం మానిన మైదానంలో ఏటా దసరా వెళ్ళగానే కార్ల పందేలు జరిగేవి. చిన్న బండ్లకు వేరే పందెం. పని నేర్చుకొనే రోజుల్లో మా బావ అక్కడ ఇతరుల కార్లు తుడిచాడు. "ఇన్నేండ్లు మందివి తుడిచిన పంతులూ. ఒక్కపారి నా బండి నేనే ఉరికిచ్చి గెలవాలె" అనేవాడు. నేను బడిలో తెలుగు చెప్పేవాణ్ణి గనుక ఆయనకు నేనెప్పుడూ పంతులునే.

అందుకు బొంబాయి నుంచి చెక్కపెట్టెలో రేసు కిట్టు వచ్చింది. జంట కార్బొరేటర్లు, గట్టి స్ప్రింగులు, ఇంజను కవాటాలను మరింత సేపు తెరచి ఉంచే కొత్త ఇరుసు. కార్బొరేటర్ల మీద గాలి వడపోత డబ్బా తీసివేసి, సన్నాయి చివర వలె విప్పారిన గొట్టాలు రెండు బిగించాడు. "గాలి ఎంత తాగితే గంత ఉరుకుతది" అన్నాడు. సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి, స్క్రూడ్రైవరు కొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి వినేవాడు. "నాలుగు పాదాలల్ల మూడోది తప్పుతాంది పంతులూ, నీ పద్యమైతే గిట్ల ఒప్పుకుంటవా?" అని నవ్వేవాడు. నాకు యతిభంగం ఎలా వినబడుతుందో, ఆయనకు సిలిండరు తడబాటు అలా వినబడేది.

ఆ ఏటి దసరా నాటి సంగతి చెప్పాలి. వైధవ్యం వచ్చినది మొదలు మా మేనత్త ఏ శుభకార్యంలోనూ ముందుకు వచ్చేది కాదు. గోడ పక్కన నిలుచుండేది. ఆ పండుగకు మా బావ పట్టుపట్టి, మొదటి అక్షతలు తల్లే వేయాలన్నాడు. ఆమె గోడ విడిచి వచ్చి, తెరచిన ఇంజను మీద పసుపు బియ్యం గుప్పెడు చల్లింది. ఆ వేళ ఆయన వెనుక తలుపుకు మామిడాకులు కడుతున్నాడు. తరువాత వచ్చి బండి తిప్పగానే ఇంజను కేక పెట్టింది. కాలు తీసినా వేగం తగ్గలేదు. తాళం చెవి తిప్పి ఆపేలోగా లోపల ఇనుము ఇనుముకు తాకిన చప్పుడు అయింది.

ఆ మధ్యాహ్నం విప్పి చూస్తే, గాలిని అదుపు చేసే రేకు అంచున ఒక పసుపు గింజ ఇరుక్కొని ఉంది. రేకు మూసుకోలేదు. కవాటాలు వంగిపోయాయి. ఆ ఏటికి పందెం లేనట్టే.

"ఏమైంది బిడ్డా?" అని వాకిట్లోంచి మేనత్త అడిగింది.

"కొత్త సామానమ్మా, ఇంకా కుదురుకోలె" అన్నాడు, గింజను గుప్పిట మూసుకొని.

నిజం చెబితే వచ్చే ఏడు జాగ్రత్తపడుతుంది కదా అన్నాను నేను. "చెప్తే ఇగ ఆమె చెయ్యి లేస్తదా పంతులూ? యాడ శుభమైనా మల్ల గోడకే పోయి నిలవడ్తది. ఇది మన ఇద్దరి మధ్యనే ఉండాలె" అన్నాడు. ఉంచాను. మా మేనత్త కాలం చేసి మూడేళ్ళయింది గనుకనే ఇప్పుడు రాస్తున్నాను.

మరుసటి ఏడు ఆయన కవాటాలు మార్చి, ఎదుటి హోటలు నుంచి చాయ వడపోసే ఇత్తడి జల్లెడలు రెండు తెచ్చి, పిడులు కోసి, గొట్టాల మూతులకు బిగించాడు. దసరా నాడు మేనత్త వెనుకకు జరిగింది.

"పోయినేడు నేనేసినంకనే ఖరాబాయె. ఇంకెవరినన్న పిలువు కొడుకా."

"గివి చూడమ్మా. నీ అక్షింతలు కింద రాలకుంట పట్టనీకె చేపిచ్చిన. నువ్వెయ్యకుంటె ఉత్తగ పోతయి."

ఆమె వంగి చూసింది, ముఖం విప్పారింది. రెండు జల్లెడలలోనూ నిండుగా పోసింది. "అయితే పోయొచ్చేదాక తియ్యకు బిడ్డా" అంది. ఆయన సరేనన్నాడు.

పందెపు మైదానంలో ఆయన పాత స్నేహితుడు, హైదరాబాదు మోటారు మిస్త్రీ ఒకడు, ఇంజను చూసి తల పట్టుకున్నాడు.

"అరె భాయ్, గివేంది? బండికి దమ్మాడ్తలేదు. తీసెయ్, ఫస్టు నీదే."

"ఆడినంతనే ఆడనియ్."

"మీ అమ్మ ఈడ లేదు కద! ఎవరు చూస్తరు?"

"ఆమె లేదని తీస్తె, మల్ల ఆమె ముందర పెట్టుడెందుకు?"

చివరి చుట్టు దాకా ముందున్నది మా బావే. ఆ పైన పొడుగాటి తిన్నని బాట మీద ఇంజనుకు గాలి చాలలేదు. పక్కనుంచి మరొక బండి జరిగి, అర బండి నిడివి ముందుగా గీత దాటింది. ఆ ఏడుతో ఆ మైదానంలో పందేలు ఆగిపోయాయి. మా బావ మరి పోటీకి పోలేదు. కిట్టు విప్పి పెట్టెలో పెట్టాడు. కారు చీరల మూటలు మోసింది.

పందెం నాటి సాయంత్రం మేమిద్దరం కల్వకుర్తి చేరేసరికి మేనత్త గుమ్మంలో ఉంది.

"గెలిచినవా?"

"రెండోడొచ్చిన."

"మరి ముందొచ్చినోనికి ఎవరేసిండ్రు అక్షింతలు?"

"వాళ్ళమ్మ నీకన్న దోసెడెక్కువ ఏసినట్టుంది" అన్నాడు.

ఆమె పకపక నవ్వింది. వైధవ్యం తరువాత ఆమె అలా నవ్వగా నేను విన్నది అదే మొదలు. అటు తరువాత వీధిలో ఏ పెళ్ళికి పిలుపు వచ్చినా ఆమె గోడ పక్కన నిలువలేదు.

ఆ సాయంత్రం ఆమె నవ్వు ఆగాక ఆయన బోనెట్ ఎత్తి పట్టుకున్నాడు. జల్లెడలలో మిగిలిన గింజలు పొగకు మసిబారి, ఇంకా వెచ్చగా ఉన్నాయి. ఆమె వాటిని మునివేళ్ళతో ఏరుతుంటే, పెట్రోలు వాసన వేసే చేతులు కట్టుకొని, మా బావ ఆమె ముందు తల వంచి నిలుచున్నాడు.

మా వెనుక వచ్చే ఇండ్లలో ఏ తల్లి చెయ్యీ అక్షతల ముందు జంకకుండు గాక. ఆ చేతి కింద తల వంచి బయలుదేరిన బిడ్డలందరూ, గెలిచినా ఓడినా, పొద్దుండగా ఇల్లు చేరుదురు గాక.