మణికొండ ఇసుకలో పిచ్చుకగూడు

మా వాళ్ళ బీచ్ ప్రయాణం ఏటా డిసెంబరు ఆఖరి వారంలోనే ఉంటుంది. ఏ పంతులుగారూ పెట్టిన ముహూర్తం కాదిది. ఆ వారం అమెరికా క్లయింట్లు సెలవుల్లో ఉంటారు కాబట్టి హైటెక్ సిటీలో మాకూ పెద్ద పనుండదు. మణికొండ, గచ్చిబౌలి, బాలానగర్‌లలో ఉన్న మూడిళ్ళ వాళ్ళం, మొత్తం పద్నాలుగు మందిమి, ఒక మినీ బస్సు మాట్లాడుకుని బాపట్ల పక్కన సూర్యలంక వెళ్తాం.

ఈ దండుకి నాయకురాలు మా మేనత్త, నాన్నకి పెద్దక్క, మణికొండలో మాతోనే ఉంటుంది. తహసీల్దారు ఆఫీసులో పనిచేసి రిటైరైంది గానీ ఆర్డర్లు వెయ్యడం నుంచి రిటైరవలేదు. ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో, చిప్స్ ప్యాకెట్ ఏ ఊరు దాటాక విప్పాలో ఆవిడే చెబుతుంది. వెళ్ళిన రోజు సాయంత్రం పిచ్చుకగూళ్ళ పోటీ పెడుతుంది. పాదం మీద తడి ఇసుక కప్పి, తట్టి తట్టి గట్టిపరిచి, మెల్లిగా కాలు వెనక్కి లాగాలి. గూడు నిలబడితే గెలిచినట్టు. చిన్నపిల్లల ఆటే, కానీ మా ఇంట్లో యాభై దాటినవాళ్ళు కూడా దీని మీద పోట్లాడుకుంటారు. అత్త గూడు మాత్రం ఒక్క ఏడాది కూడా కూలలేదు.

కిందటేడు నవంబరులో అత్తకి మోకాలి ఆపరేషన్ అయింది. అంతదూరం బస్సులో వద్దన్నారు డాక్టరు. అప్పటినుంచి ఇంట్లో ఆవిడని మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు మేము. వాకర్ పట్టుకుని లేస్తే "కూర్చో". వంటింటి గుమ్మం దాకా వస్తే "నీకెందుకు, వెళ్ళి కూర్చో". అంతా ప్రేమే. ఆ ప్రేమకి ఆవిడ ముఖం రోజురోజుకీ మాడిపోతున్నా ఎవరూ పట్టించుకోలేదు.

అత్త చెవిన పడకుండా మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సమావేశమయ్యాం. ఆవిడ లేకుండానే వెళ్దామని తేలింది. నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల హాయిగానే అనిపించింది. చిప్స్ ఇష్టమొచ్చినప్పుడు తినొచ్చు. అయితే తోడుగా ఒకరు ఉండాలి కదా, చీటీలు వేద్దామన్నారు. చీటీలు రాసే పని నేను మహా ఉత్సాహంగా మీదేసుకుని అన్నిటిమీదా బాబాయి పేరే రాశాను. బాబాయి ఒకటి తీశాడు, తన పేరు చూసుకున్నాడు, నా ముఖం చూశాడు. తర్వాత నింపాదిగా మిగతా చీటీలు కూడా ఒక్కొక్కటే విప్పాడు. ఇంకేముంది, ఉండాల్సింది నేనే అని ఏకగ్రీవంగా తీర్మానమైంది.

విషయం చెబితే అత్త "వెళ్ళిరండి, నాకేం" అంది. బస్సు పొద్దున్నే బయల్దేరింది. నేను ఇడ్లీలు పెడితే ఆవిడ ముట్టుకోలేదు. బాల్కనీలో కూర్చుని కిందికే చూస్తోంది.

"నేను లేకపోయినా బస్సు కదిలిందే," అంది మధ్యాహ్నం దాటాక.

నాకు చెప్పుకోలేనంత సిగ్గేసింది. ఏదో ఒకటి అందామనుకునేలోగా ఆవిడే వేలు చూపించింది. పక్కన కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నారు. దాని ముందు పెద్ద కుప్ప పోసి ఉంది.

"ఆ ఇసుక ఎవరిదే?"

"బిల్డర్‌ది. ఎందుకూ?"

"లిఫ్ట్ పనిచేస్తోందా?"

పది నిమిషాల్లో వాకర్‌తో అత్త, ప్లాస్టిక్ కుర్చీతో నేను ఆ కుప్ప ముందున్నాం. అక్కడి వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

"ఏందమ్మా గిది? మా సారు చూస్తే నన్ను పరేషాన్ చేస్తడు."

"ఎత్తుకుపోవడానికి రాలేదండీ," అంది అత్త దర్జాగా. "కాసేపు కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోతాం."

అతను అత్త కాలికున్న కట్టు చూసి పక్కకి జరిగాడు. అత్త గుప్పెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. "ఇదేం ఇసుక? నల్లగా, గరుకుగా!"

"గది రోబో ఇసుకమ్మా, రాళ్లు పొడి కొట్టి చేస్తరు. అసలు ఇసుక ఎనక ఉంది, ప్లాస్టరింగ్‌ది. జర నిమ్మలంగ రండ్రి."

ఏటా సముద్రం ఒడ్డుకి వెళ్ళే ఇంటివాళ్ళం, రాళ్ళపొడికీ ఇసుకకీ తేడా తెలియకుండా ఆవిడని అంతదూరం నడిపించాను. అత్త నన్నొక చూపు చూసింది. ఆపరేషన్ తర్వాత ఆ చూపు చూడడం అదే మొదటిసారి, నాకు ప్రాణం లేచొచ్చింది.

వెనకాల పట్టా కింద సన్నటి ఏటి ఇసుక ఉంది. వాచ్‌మన్ బకెట్‌తో నీళ్ళు తెచ్చి పోశాడు. సాయంత్రం దాకా ఆగే ఓపిక అత్తకి లేదు. అప్పుడే సూర్యలంక చేరిన బాబాయికి వీడియో కాల్ చెయ్యమంది. అక్కడ అలలు, ఇక్కడ కాంక్రీట్ మిక్సర్. అందరూ నోళ్ళు తెరుచుకుని ఫోన్ చుట్టూ మూగారు.

"పోటీ మొదలెట్టండి. నేను రెడీ," అంది అత్త.

ఏ కాలు పెడతావంటే ఆపరేషన్ అయిన కాలే చాపింది. వద్దన్నా వినలేదు. నేను ఇసుక కప్పాను, ఆవిడ వంగలేదు కాబట్టి తట్టింది కూడా నేనే. అక్కడ బాబాయి గూడు నిలబడింది, అమ్మది నిలబడింది. అత్త కాలు లాగబోతే మోకాలు సరిగ్గా మడత పడలేదు. పళ్ళు బిగించి గుంజింది. గూడు ఒక్కసారిగా కూలింది.

నా బుద్ధి ఊరుకోదుగా. ఫోన్ చటుక్కున ఆకాశానికి తిప్పి, "సిగ్నల్ సరిగ్గా లేదు, ఉండండి" అని అరుస్తూ, రెండో చేత్తో గబగబా గూడు నిలబెట్టేశాను. తర్వాత ఫోన్ కిందికి దించి గర్వంగా చూపించాను. అటువైపు చప్పట్లు.

అత్త నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది.

"కూలిపోయిందిరా. ఈ పిల్ల మళ్ళీ కట్టింది. నేను ఓడిపోయాను."

పోటీలో ఓడినవాళ్ళు అందరికీ కాఫీ పెట్టాలన్నది ఆవిడ పెట్టిన నియమమే. బాబాయి నసిగాడు. "పోనీలే అక్కయ్యా, నీ కాలు..."

"నా కాలు సంగతి నేను చూసుకుంటాను. మీరు రాగానే కాఫీ నేను పెడతాను. ఒక్కరు కూడా వద్దనడానికి వీల్లేదు."

ఆదివారం సాయంత్రం బస్సు దిగి, ఒంటినిండా ఇసుకతో, మూడిళ్ళ వాళ్ళూ మా ఫ్లాట్‌కే వచ్చారు. అత్త పొయ్యి ముందు నిలబడి ఉంది. ఒక చెయ్యి వాకర్ మీద, ఇంకో చెయ్యి పాలగిన్నె పట్టకారు మీద. పక్కన పద్నాలుగు గ్లాసులు వరసగా పెట్టుకుంది. ఒక్కో గ్లాసుకీ ఆవిడకి చాలాసేపు పడుతోంది. హాల్లో అందరూ వంటింటి వైపే చూస్తూ కూర్చున్నారు. అమ్మ రెండుసార్లు లేవబోయి, నాన్న చూపుతో ఆగిపోయింది.

నేను ఆగలేక వెళ్ళి గిన్నె అందుకోబోయాను. అత్త నా చెయ్యి పక్కకి నెట్టేసింది.

"నీకెందుకు," అంది. "వెళ్ళి కూర్చో."