మొగుడి వీసా

పూర్ణచంద్రరావుకి ఒకే నెలలో రెండు దేశాలు దొరికాయి. ఒకటి కువైట్, రెండోది ఇంగ్లండు. పక్క జిల్లాలో గుమాస్తా పని దొరక్క చెప్పులరగదీసుకుంటున్న కుర్రాళ్లు ఇంటికొకరున్న రోజులవి. వన్‌టౌన్‌లో మా వీధి వీధంతా అతన్ని చూసి కుళ్లుకుంది. వాళ్ల ఇంట్లోనే వీధిగది అద్దెకు తీసుకుని ఉంటున్నాను కాబట్టి నేను అందరికంటే ఎక్కువ కుళ్లుకున్నాను. ఆ కుళ్లు ఎంతోకాలం నిలవలేదు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది అది. పూర్ణచంద్రరావు ఎలక్ట్రికల్ డిప్లొమా చదివి, ఇబ్రహీంపట్నంలో కడుతున్న థర్మల్ స్టేషన్‌లో ఒక కాంట్రాక్టరు కింద సూపర్‌వైజరుగా ఉండేవాడు. పని తెలిసినవాడు, నెమ్మదస్తుడు. కేబుళ్లు లాగే కూలీలను కూడా అండీ అనేవాడు. అతనిలో చెడ్డతనం లేదు. చెడ్డతనం లేకపోవడం తప్ప ఇంకేమీ లేదని తెలియడానికి నాకు కొంత కాలం పట్టింది.

వాళ్ల నాన్న సంజీవరావుగారు సర్కారు ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యారు. పొద్దున్నే అరుగు మీద పడక కుర్చీ వేయించుకుని, వచ్చేపోయే తోపుడుబళ్ల వాళ్లందరినీ తన కింది గుమాస్తాలను చూసినట్టు చూసేవారు. ఆ ఇంట్లో ఏ నిర్ణయమైనా ఆ కుర్చీలోనే పుట్టేది. కొడుకు నిర్ణయాలు కూడా.

కువైట్ అవకాశం జక్కయ్య తెచ్చాడు. హనుమాన్ జంక్షన్‌లో అతనికి లారీ సామాన్ల కొట్టుంది. అతని బావమరిది కువైట్‌లో ఫోర్‌మన్, తన కంపెనీకి ఎలక్ట్రీషియన్ కావాలని రాశాడు. పని వీసా. వెళ్లేది ఒక్కడే. ఎండలో పని, షెడ్డులో పడక, కాంట్రాక్టు అయ్యాక తిరుగు విమానం.

ఇంగ్లండు అవకాశం పేరు ఛాయాదేవి. పూర్ణచంద్రరావుకి మేనమామ కూతురు, గుడివాడలో వెంకటేశ్వరరావు మాస్టారి అమ్మాయి. ఆ పిల్ల నర్సు ట్రైనింగులో చేరిన రోజు ఈ ఇంట్లో ఎవరో పోయినట్టు మొహాలు పెట్టారట. మేనత్త, అంటే పూర్ణచంద్రరావు వాళ్లమ్మ, సంపూర్ణమ్మగారు ఆ తర్వాత చాలాకాలం ఆమెను పెళ్లిళ్లలో బంతిలో తన పక్కన కూర్చోనివ్వలేదు. రోగుల మలమూత్రాలు ఎత్తిన చేతులని అందరూ వింటుండగానే అనేవారు. ఛాయాదేవి ఇంగ్లండు వెళ్లి బర్మింగ్‌హామ్ దగ్గర ఏదో ఆసుపత్రిలో సిస్టరయింది. ఆ దేశంలో స్థిరపడిన ఆడది తన భర్తను పిలిపించుకోవచ్చని ఎవరో సంజీవరావుగారి చెవిన వేశారు. అంతే, ఆ చేతులు శుభ్రపడ్డాయి. మేనరికం గుర్తొచ్చింది. చిన్నప్పటినుంచీ ఛాయ మా పూర్ణుడి పెళ్లామేనని అనుకునేవాళ్లమని సంపూర్ణమ్మగారు వీధిలో చెప్పుకొచ్చారు.

కానీ ఒక ముల్లుంది. భార్య సంపాదన మీద, భార్య ఇంటికి, భార్య పేరుతో వచ్చిన కాగితం పట్టుకుని వెళ్లే మొగుణ్ని మా వైపు ఏమంటారో చెప్పనక్కర్లేదు. ఇల్లరికం. పొలం పుట్రా ఉన్న మామగారింటికి ఇల్లరికం వెళ్లిన వాణ్నే ఊళ్లో సగం మనిషిగా చూస్తారు. పెళ్లాం ఉద్యోగానికి ఇల్లరికం వెళ్లినవాడు మా వీధికి అప్పటిదాకా తెలియదు.

జక్కయ్య జవాబు కోసం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బెల్లంకాఫీ తాగుతూ, పూర్ణచంద్రరావునే చూస్తూ అన్నాడు.

"మీ ఇష్టం అబ్బాయిగారూ. రెక్కల మీద వెళ్తారో, కొంగు పట్టుకుని వెళ్తారో తేల్చండి. నా కొట్టు ముందు కుర్రాళ్లు పోగవుతున్నారు."

పూర్ణచంద్రరావు నాన్న వైపు చూశాడు. సంజీవరావుగారు కువైట్ మాట వినగానే ఇసుక కళ్లలో పడ్డట్టు మొహం చిట్లించారు. ఎడారిలో కూలికి పంపడానికా డిప్లొమా చదివించిందని అడిగారు. జక్కయ్య కాఫీ పూర్తిగా తాగి, లేచి, పంచె దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ వీసా మీద కంకిపాడు కుర్రాడెవరో వెళ్లాడని తర్వాత విన్నాం.

అలా ఇంగ్లండు ఖాయమైంది. అయితే సంజీవరావుగారికి ఇంగ్లండు పరువూ కావాలి, పని వీసా మగతనమూ కావాలి. రెండూ ఒకే కాగితంలో దొరకవు కాబట్టి, కాగితం అలాగే ఉంచి మాట మార్చారు. అబ్బాయికి ఇంగ్లండులో పెద్ద కంపెనీలో ఉద్యోగమొచ్చిందనీ, పెళ్లి కూడా అదే సమయానికి కుదిరిందనీ వీధికి చెప్పారు. ఛాయాదేవి సెలవు మీద వచ్చింది, గుడివాడలో పెళ్లయింది, ఆమె వెనక్కి వెళ్లి కాగితాలు పంపింది. ఇంగ్లండులో ఉద్యోగమొచ్చినవాడు ఇబ్రహీంపట్నం బస్సు ఫుట్‌బోర్డు మీద కనిపిస్తే బాగుండదు కదా, పూర్ణచంద్రరావు సైటు పని మానేశాడు. కోటు కుట్టించుకుని, అది చెమటకు పాడవుతుందని పెట్టెలో పెట్టి, ఇంట్లో కూర్చున్నాడు.

మద్రాసులో వీసా ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. తండ్రీకొడుకులు ఇద్దరూ వెళ్లారు. రైల్లో రాత్రంతా సంజీవరావుగారు కొడుక్కి ఒకటే పాఠం చెప్పారట, తెల్లవాడి ముందు నిన్ను నువ్వు తక్కువ చేసుకోవద్దని. తిరిగొచ్చాక అరుగు మీద కూర్చుని ఆ ఇంటర్వ్యూ మొత్తం వీధికి వినిపించారు. అంత సంతోషంగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

ఆఫీసరు ఎందుకు వెళ్తున్నావని అడిగాడట. ఉద్యోగానికని మనవాడు చెప్పాడు. అక్కడ ఎక్కడుంటావంటే, నా ఇల్లు నేను చూసుకుంటాను, భార్య ఇంట్లో పడి ఉండే మనిషిని కానన్నాడు. మీ ఆవిడ రేపు ఉద్యోగం మానేసి ఇండియా వచ్చేస్తానంటే నువ్వూ వచ్చేస్తావా అని ఆఫీసరు అడిగాడు. ఆవిడ వెనకాల తిరగడానికి నేనేమన్నా ఆవిడ బంట్రోతునా అన్నాడు మన పూర్ణచంద్రరావు.

ఈ జవాబు దగ్గర సంజీవరావుగారు ఆగి, అందరి మొహాలూ చూశారు. అందరూ తలలూపారు. మగాడంటే అలా ఉండాలన్నారు. పూర్ణచంద్రరావు గుమ్మంలో నిలబడి సిగ్గుపడ్డాడు. మొగుడు పెళ్లాం దగ్గరకు వెళ్లడానికి ఇచ్చే వీసా కోసం వెళ్లి, పెళ్లాం దగ్గరకు వెళ్లడం లేదని మూడు రకాలుగా చెప్పి వచ్చాడన్న సంగతి అక్కడ ఒక్కరికీ తట్టలేదు. తట్టినవాణ్ని నేనొక్కణ్నే అని చెప్పుకోవడానికి లేదు, నాకూ ఆ రోజు తట్టలేదు. వాళ్ల గొప్పలు భరించలేక లోపలికొచ్చి తలుపేసుకున్నాను.

వీసా ఇవ్వలేదు. ఈ పెళ్లి దేశంలో అడుగుపెట్టడానికి చేసుకున్నదే తప్ప కాపురానికి చేసుకున్నది కాదని రాశారు. సంజీవరావుగారు తెల్లవాళ్ల కుళ్లుబుద్ధి గురించి వారం రోజులు మాట్లాడారు. వీధికి మాత్రం కంపెనీ వాళ్లు ఆలస్యం చేస్తున్నారని చెప్పారు.

ఎండాకాలంలో ఛాయాదేవి మళ్లీ వచ్చింది. సెలవు పోగేసుకుని ఈ పని కోసమే వచ్చింది. సన్నగా, కొంచెం నడుం నొప్పి ఉన్నదానిలా నడిచే మనిషి. నేరుగా అత్తవారింటికే వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తిని, నడవలో అందరూ ఉండగానే విషయానికొచ్చింది. నా గదికీ ఆ నడవకీ మధ్య ఉన్నది ఒక్క చెక్క తలుపు.

మళ్లీ దరఖాస్తు పెట్టవచ్చనీ, అక్కడ ప్లీడరును కూడా మాట్లాడి వచ్చాననీ చెప్పింది. ఆఫీసరు అడిగినవే మళ్లీ అడుగుతాడంది. తర్వాత మొగుడి వైపు తిరిగినట్టుంది, గొంతు మారింది.

"బావా, ప్లీడరు అడిగినదానికి జవాబు నాకూ కావాలి. నువ్వు నాకోసం వస్తున్నావా, ఆ దేశం కోసం వస్తున్నావా?"

పెళ్లయ్యాక కూడా మొగుణ్ని నువ్వు అనడమేమిటని సంపూర్ణమ్మగారు మధ్యలో అందుకున్నారు. ఛాయాదేవి అదే ప్రశ్న మళ్లీ అడిగింది.

"మద్రాసులో అడిగితే చెబుతాలే ఛాయా," అన్నాడు పూర్ణచంద్రరావు. "ఈసారి ఎలా చెప్పాలో నువ్వే రాసివ్వు. ఇంగ్లీషులో బట్టీపట్టి అప్పజెబుతాను."

"అక్కడ సరే. ఇక్కడ చెప్పు. అత్తయ్య, మామయ్య వినేట్టు. నా పెళ్లాం ఇంటికి కాపురానికి వెళ్తున్నానని తెలుగులో ఒక్కసారి చెప్పు. రేపే కాగితాలు పెడతాను."

సంజీవరావుగారు దగ్గారు. వంశంలో ఇల్లరికం వెళ్లినవాడు లేడని మొదలుపెట్టారు.

"ఇల్లరికం ఎక్కడ మామయ్యా? అది మా నాన్నగారి ఇల్లు కాదు. నేను డ్యూటీ నుంచి వచ్చి పడుకునే రెండు గదులు. ఇంకో మనిషి ఉంటే బాగుంటుందని అడుగుతున్నాను."

నా పెళ్లాం ఇంటికి కాపురానికి వెళ్తున్నాను. ఎంత తేలికైన వాక్యం అది. మద్రాసులో పరాయి భాషలో పరాయివాడి ముందు ఎన్నిసార్లైనా చెప్పడానికి అతనికి అభ్యంతరం లేదు. ఇంగ్లీషులో అన్నది అన్నట్టు కాదు. తెలుగులో, కన్నవాళ్ల ముందు, కట్టుకున్నదాని మొహం చూసి చెప్పడమే ఆ పెద్దమనిషికి చావొచ్చి పడింది. నేను తలుపు ఇవతల నుంచి మనసులో వెయ్యిసార్లు అతని బదులు చెప్పాను.

చివరికి అతను అన్నాడు. "అక్కడ ముందు ఏదన్నా ఉద్యోగం చూసి ఉంచు. అప్పుడు అందరికీ గౌరవంగా ఉంటుంది."

"సరే బావా," అంది ఛాయాదేవి. ఆ సాయంత్రమే గుడివాడ బస్సెక్కింది.

మద్రాసు మెయిలుకి వెళ్లే రోజు ఆమె పుట్టింటి నుంచి నేరుగా స్టేషన్‌కి వచ్చింది. భార్య వెళ్తుంటే మొగుడు కనిపించకపోతే వీధి ఏమనుకుంటుందోనని సంజీవరావుగారు కొడుకుని పంపారు. ఆమె సామాను మోయడానికని నన్ను కూడా తీసుకెళ్లాడు. అతను ఇంట్లో పెట్టెలో దాచిన కోటు తీసి వేసుకొచ్చాడు. మే నెల. మా వీధి వాళ్లు ఇద్దరు ముగ్గురు ప్లాట్‌ఫారం మీద ఎదురై, అతనూ వెళ్తున్నాడనుకుని చేతులు కలిపారు.

"నాకు సైట్లో సెలవివ్వలేదండీ," అన్నాడు పూర్ణచంద్రరావు. "ఇప్పుడు పని జోరుగా ఉంది. నేను లేకపోతే కదలదు."

కిటికీ దగ్గర కూర్చున్న ఛాయాదేవి అది వింది. ఒకసారి అతని కోటు వైపు చూసి, షట్టరు దించుకుంది. రైలు కదిలింది. అతను ఇంకా ఎప్పుడో మానేసిన సైటు గురించే చెబుతున్నాడు, కేబుళ్ల గురించి, బాయిలర్ల గురించి, చెమట కారిపోతున్నా బొత్తాం కూడా విప్పకుండా.