ముగ్గుపిండిలో తేలిన నంబరు

కొత్త గేర్ ఆయిల్ డబ్బా మూత తిప్పగానే గంధకం వాసన గుప్పుమని కొడుతుంది. టాటానగర్ పక్కన ఆదిత్యపూర్‌లో నాకు ఆయిల్ దుకాణం ఉంది. ఇన్నేళ్ళుగా ఈ డబ్బాల మధ్యే కూచుంటున్నాను కనక నా చీరలకీ, జుట్టుకీ ఈ వాసనే. మా కోడలు ముక్కు మూసుకుని అన్నం క్యారేజీ గుమ్మంలోనే పెట్టి పోతుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలిన ప్రతిసారీ చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. "ఆగు సత్తెవతీ, ముందు సూడు" అని వెనకనుంచి ఎవరో అన్నట్టుంటుంది. ఆ గొంతు పైడయ్య మావది. ఆయన మాకు చుట్టం కాడు. అప్పట్లో మేముండే భుయ్యాడీహ్ బస్తీలో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేవాడు, మా శ్రీకాకుళం వైపు మనిషే కనక మావ అయ్యాడు. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ మాసిన ఖాకీ చొక్కాతో ఉండేవాడు. రోడ్డు మీద ఎదురైతే మీరు రెండోసారి తిరిగి చూడరు. అలాంటి మనిషి మూడు రోజుల్లో నా బతుకు మార్చేశాడు.

ఎనభైల మొదట్లో మాట. మా ఆయన అప్పలరాజు ఒక పాత మిలటరీ లారీ కొన్నాడు. ఎప్పటిదో యుద్ధం నాటి బండి, ఎన్ని చేతులు మారిందో దేవుడికే తెలియాలి. కొలుముల్లో వాడే ఇటుకల్ని ఆదిత్యపూర్ నుంచి టాటానగర్ గూడ్స్ యార్డుకి చేరవేసే పని దొరికింది. ఏడాది బాగానే సాగింది. ఆ తర్వాత ఆయన లోడు మీదనుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకుని మంచమెక్కాడు. ఆయన స్నేహితుడు సింహాచలం బండి నడిపేవాడు. నెల తిరక్కుండానే గేర్లు అరవడం మొదలుపెట్టాయి, ఒక గురువారం మూడో గేరు అసలు పడనే లేదు. సోమవారం పొద్దున్నకల్లా లారీ ఇటుకల ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడకపోతే పని ఇంకొకరికి ఇచ్చేస్తానని కాంట్రాక్టరు కబురంపాడు. "తుక్కోడికి ఇచ్చీద్దారే, ఇంకేటి సేత్తాం" అన్నాడు మా ఆయన గోడవైపు తిరిగి. నాకు ఒళ్ళు మండింది. ఇద్దరు పిల్లలు, కట్టులో కాలు, ఉన్న ఒక్క బండీ తుక్కుకి. "నువ్వు పడుకో, నేను సూత్తాను" అని విసురుగా బయటికొచ్చేశాను. ఏం చూస్తానో నాకే తెలియదు. గేరు కర్ర తప్ప గేరు అంటే ఏమిటో ఎన్నడూ చూసినదాన్ని కాను.

పైడయ్య మావ ఎప్పుడో వర్క్‌షాపులో మిస్త్రీగా చేసి రెండేళ్ళనుంచి ఇంట్లో ఉంటున్నాడని మాత్రం తెలుసు. వెళ్ళి చెప్పాను. కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "సూడ్డానికైతే వత్తన్నాను గానీ నేను సెయ్యెట్టను. నువ్వే సెయ్యాల" అన్నాడు. ఆడదాన్ని లారీ కిందకి దూరమంటాడేమిటీ మనిషి అనుకున్నాను. మర్నాడు శుక్రవారం పొద్దున్నే చీర కుచ్చిళ్ళు వెనక్కి దోపి దూరాను. వీధి వీధంతా గుమిగూడింది. "ఏటే సత్తెవతీ, మొగుడి బండి కింద ఏటెతుకుతున్నావు?" అని ఎదురింటావిడ నవ్వింది. "నీ మొగుడు పడిపోనాడేమోనని" అన్నాను. నాకసలే నోరెక్కువ. పైడయ్య మావ లారీ పక్కన పీటేసుకుని కూచుని గట్టిగా నవ్వాడు. "నోరు బాగుంది, ఇంక సేతులు సూద్దారి" అన్నాడు.

బండి ముందు రేకు మీద ఫలానా కంపెనీ లారీ అని రాసుంది కదా, ఇంక చూసేదేముంది అన్నాను. "ఆ రేకు బండిది. గేరుబాక్సుదని ఎవుడు సెప్పినాడు? మద్దిలో ఎవుడో మార్చీసుంటాడు. దానొంటి మీద ఏటి రాసుందో అది సూడు" అన్నాడు. కిరసనాయిలు గుడ్డతో, తీగ బ్రష్షుతో గంటసేపు రుద్దితే గట్టిపడిన మట్టి, జిడ్డు పెచ్చులు పెచ్చులుగా నా మొహం మీద రాలాయి. కింద ఇనుములో ఉబ్బెత్తు అచ్చు ఏదో తగులుతోంది గానీ నలుపు మీద నలుపు, కంటికి ఆనదు. "ఇంట్లో ముగ్గుపిండి ఉందా?" అన్నాడు మావ. నేను తెల్లబోయాను. "తెచ్చి పుయ్యి. పూసి పైనుంచి గుడ్డ ఆడించు." అలాగే చేశాను. ఓలమ్మా! గుమ్మంలో గీతలు పడే పిండి ఆ ఇనుము మీద అంకెల్ని పట్టి చూపించింది. "పైకి సదువు, నాకినపడాల" అన్నాడు. బళ్ళో పిల్లలా ఒక్కొక్క అంకే చదివాను. రెండోసారి చదివించాడు. పక్క మూతకి బోల్టులెన్నో లెక్కపెట్టి చెప్పమన్నాడు. కళ్ళు మూసుకుని విని తలాడించాడు. "ఇది ఈ బండిది కాదు. దీని లోపల గేర్లు కలవడానికి కంచు బద్దీలుంటాయి" అన్నాడు.

తర్వాత నూనె తీయించాడు. కింది నట్టుకి పానా తగిలిన చప్పుడవగానే అరిచాడు. "ముందు పక్కనున్న పై నట్టు ఇప్పు! అది రాకపోతే కిందది కారిచ్చీసి మళ్ళీ ఎలగ పోస్తావు?" నిజమే కదా అని నాలిక్కరుచుకున్నాను. పై నట్టు తీసి, కింద పాత డేకీ గిన్నె పెట్టి, కిందది విప్పితే నల్లటి నూనె జారింది. ఆ గంధకం వాసన మొట్టమొదటిసారి పీల్చింది అప్పుడే. తెల్లగుడ్డ మీద వడకట్టమన్నాడు. గుడ్డ మీద సన్నటి పసుపుపచ్చ తళుకులు మిగిలాయి, ఆయన అడిగితే అదే చెప్పాను. ఆయన జేబులోంచి పాత రేడియో స్పీకరు అయస్కాంతం తీసి నా చేతికిచ్చాడు. దగ్గర పెట్టి, ఒక్క తళుకు కూడా అంటుకోలేదన్నాను. "ఉక్కయితే అంటుకుంటాది. ఇది కంచు. ఎనక సక్రాల మద్ది క్రౌన్‌లో పోసే గందకం మందు కలిపిన ఆయిలు దీనికి పోసీసినారు. అది కంచుని తినేత్తాది. దీనికి సాదా ఆయిలు గావాల. రేపు స్టేషన్ కాడ దుకాణంలో అడిగి తే. వాసన సూసి తే, గందకం కంపు ఉండకూడదు" అన్నాడు.

శనివారం టాటానగర్ స్టేషన్ దగ్గర దుకాణానికి వెళ్ళాను. నా మాట విని దుకాణదారు నవ్వాడు. ఈ ఊళ్ళో లారీలు తయారవుతాయి, వాటికి ఏ నూనె పోస్తారో పసిపిల్లాడికి కూడా తెలుసు, ఇంకే బండి వచ్చినా అదే పోస్తారు. "అరే భాభీ, యహాఁ సబ్ మే యహీ జాతా హై" అంటూ, అన్నిట్లో ఇదే పోస్తారని, ఆ గంధకం డబ్బానే నా ముందు పెట్టాడు. వేరేది కావాలని ఎవరన్నారని అడిగాడు. పైడయ్య మిస్త్రీ అని చెప్పాను. "వో? ఉస్కో దిఖ్తా హై క్యా?" అన్నాడు. ఆయనకి కళ్ళు కనిపిస్తాయా అని. చూపు పోయిందనే వర్క్‌షాపు వాళ్ళు ఇంటికి పంపేశారట. పీటేసుకుని దూరంగా కూచోవడం, అన్నీ నా చేతే చేయించడం, పైకి చదవమనడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కనపడని మనిషి మాట పట్టుకుని ఉన్న ఒక్క బండినీ తగలెడుతున్నానా అని భయం వేసింది. మోసపోయినట్టు కోపం కూడా వచ్చింది. గంధకం డబ్బానే తెచ్చి, ఆయన్ని పిలవకుండా, మధ్యాహ్నమే పోసేసి నట్టు బిగించేశాను. మా ఆయన కిటికీలోంచి "పైడయ్య మావకి సెప్పినావా?" అంటే వినపడనట్టు చేతులు తుడుచుకున్నాను.

ఆదివారం పొద్దున్న ఆయనే వచ్చాడు, గోడ పట్టుకుని నడుస్తూ. ఆ నడక అన్నాళ్ళూ నాకెందుకు కనపడలేదో. "ఆయిలు దొరికిందేటి?" అన్నాడు. దొరికింది, పోసేశాను అన్నాను. ఆయన లారీ పక్కన నేలమీద కూచుని, చెయ్యి లోపలికి పెట్టి తడుముతూ పై నట్టు దగ్గరికి పోయాడు. నట్టు విప్పి చిటికెన వేలు లోపల ముంచి, బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇదేటమ్మీ?" అన్నాడు మెల్లిగా. అబద్ధమాడదామనుకున్నాను. నోట్లోంచి మాత్రం నిజమే వచ్చింది. "నీకు కళ్ళు కనపడవంట గదా మావా. దుకాణపోడు సెప్పినాడు. బయమేసింది."

వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. తిడితే బాగుండునని నాకనిపించింది. "నిజమే, కనపడవు" అన్నాడు. "ఎవులికీ సెప్పలేదు. సెప్తే ఇంక పీట మీద కూడా ఎవులూ కూసోబెట్టరు. నన్ను నమ్మకపోతే పోనీ. మొన్న గుడ్డ మీద పచ్చగా మెరిసింది నువ్వే సూసినావు గదా. ఆ నంబరు నువ్వే సదివినావు గదా. నా కళ్ళు పోనాయి, నీ కళ్ళకేటైంది?" తల కొట్టేసినట్టయింది. నేను చూసినదాన్ని నేనే నమ్మలేదు. ఎవడో కౌంటరు వెనకాల నవ్వినందుకు, అందరూ పోస్తున్నారన్నందుకు నా కళ్ళనే పక్కన పెట్టేశాను. నేలమీదే కూచుని ఏడ్చాను. "ఏడుపు తర్వాత. సోమారం ఎంతసేపుంది? డేకీ తే" అన్నాడాయన.

ఆ పూటే మళ్ళీ నూనె తీశాను. స్టేషన్ దుకాణానికి ఇంకోసారి పరిగెత్తాను. ఈసారి డబ్బా మూత అక్కడే తీయించి వాసన చూశాను. దుకాణదారు గొణుగుతుంటే, "బయ్యా, గేరుబాక్సు నాది, ముక్కు నాది, నువ్వు డబ్బా ఇయ్యి" అన్నాను. పలచని నూనె పోసి కడిగి, అది కార్చేసి, సాదా ఆయిలు పోశాను. పై నట్టు బెజ్జంలో చిటికెన వేలు పెట్టి ఉంచమన్నాడు మావ. నూనె వేలు మీదనుంచి పొర్లి బయటికి కారగానే ఆపాను. అంతకంటే ఎక్కువైతే క్లచ్చు మీదకి పోతుందట, తక్కువైతే పై పళ్ళు ఎండిపోతాయట. నట్టు బిగించి బయటికి వచ్చేసరికి నా మొహం చూసి మా పిల్లలు భయపడ్డారు. సింహాచలం బండి స్టార్టు చేశాడు. పైడయ్య మావ పక్క సీటెక్కి గేరు కర్ర బుడిపె మీద అరచెయ్యి ఆనించాడు. ఒకటి, రెండు, మూడు. మూడు పడింది! రెండో గేరులో కొంచెం మూలుగు మిగిలింది. "తిన్నంత మేర తినేసినాది, అది మళ్ళీ రాదు. మిగిలింది బతుకుతాది" అన్నాడాయన. సోమవారం పొద్దున్న లారీ ఖర్కాయ్ నది వంతెన దాటి గేటు దగ్గర నిలబడింది. కాంట్రాక్టరు గడియారం చూసుకుని లోడు చీటీ రాసిచ్చాడు. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే, అంత మనిషీ మంచం మీద లేచి కూచుని నా మసి చేతులు రెండూ పట్టుకున్నాడు.

ఆ తర్వాత నాలుగైదేళ్ళు వీధిలోకి ఏ బండి వచ్చినా పైడయ్య మావ పీట మీద, నేను బండి కింద. అలా నేర్చుకున్నదే ఈ దుకాణమైంది. ఆయన పోయి చాలా కాలమైంది. అయస్కాంతం నా బల్ల సొరుగులోనే ఉంది. మొన్న ఒక కుర్రవాడు ఎక్కడో పాత లారీ కొని, సరదాగా బాగు చేయించుకుంటూ నా దగ్గరికి తోలుకొచ్చాడు. తెలుగువాళ్ళ పిల్లాడే, అయినా హిందీలోనే అడిగాడు. ఏ గేరుబాక్సు బాబూ అంటే, "సబ్ మే యహీ జాతా హై, ఆంటీ, దే దో" అన్నాడు. ఇవ్వనన్నాను. చిరాకు పడ్డాడు. మోకాళ్ళు సహకరించకపోయినా గోనె పరుచుకుని బండి కిందకి దూరాను. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొంగున కట్టి తెచ్చుకున్న ముగ్గుపిండి పూసి గుడ్డ ఆడించాను. అంకెలు తెల్లగా తేలాయి. మనసులో చదువుకుంటే సరిపోతుంది, వినాల్సినవాళ్ళెవరూ పీట మీద లేరు. అయినా ఒక్కొక్క అంకే గట్టిగా పైకి చదివాను. రెండోసారి కూడా చదివాను.