భిక్షువులకు చేపల పులుసు

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లేదు. ఇరవై మూడేళ్ల వయసు, చరిత్రలో ఎమ్మే, చేతిలో ఉద్యోగం లేదు. అలాంటివాళ్లకి తెలిసినంత లోకంలో ఇంకెవరికి తెలుస్తుంది చెప్పండి! సరిగ్గా అప్పుడే మా మావయ్య (అమ్మకి తమ్ముడు, ఏ పనైనా మొదలుపెట్టాక ఆలోచించే రకం) ఒక పాత లాంచీ కొని, దానికి నీలం రంగు కొట్టించి, భవానీపురం ఘాటు నుంచి కృష్ణ మీదుగా తీరిగ్గా అమరావతి తీసుకెళ్లి స్తూపం చూపించే వ్యాపారం పెట్టాడు. గుణదలలో మా ఇంటికొచ్చి, "అమ్మడూ, నీ ఎమ్మే మన లాంచీకి పనికొస్తుందే" అన్నాడు. ఆ చదువు ఎందుకో ఒకందుకు పనికొస్తుందన్న మొదటి మనిషి ఆయనే. అమ్మ మాత్రం, "ఒక్క ట్రిప్పు చూస్తా. తేడా వచ్చిందో, బీఎడ్‌లో చేర్పిస్తా" అని తేల్చేసింది. నాకప్పట్లో బీఎడ్ అంటే జైలే (టీచరమ్మలు నన్ను క్షమించాలి). అంచేత రాత్రింబవళ్లు కూర్చుని శాతవాహనుల దగ్గర్నుంచి ధర్మచక్రం దాకా ఇంగ్లీషులో ఒక ఉపన్యాసం రాసుకుని, ఎక్కాల్లా బట్టీ పట్టాను.

మొదటి ట్రిప్పుకి వచ్చింది శ్రీలంక నుంచి ముగ్గురు బౌద్ధ భిక్షువులు. ఇద్దరు కుర్రవాళ్లు, మాటా పలుకూ లేదు. మూడో ఆయన పెద్దాయన. పండిన జామపండు లాంటి మనిషి, ఊరికే నవ్వుతారు. లాంచీ కదలగానే నేను మైకు అందుకుని ఉపన్యాసం మొదలెట్టాను. ఆయన మధ్యలో చెయ్యెత్తి, "ఆ పిట్ట పేరేమిటి?" అన్నారు. కొంగ అన్నాను. మళ్లీ ఉపన్యాసం మొదటి నుంచి అందుకున్నాను, ఎందుకంటే మధ్యలో ఆగితే అక్కణ్ణుంచి ఎత్తుకోవడం నాకు రాదు. కాసేపటికి, "మరి ఆ నల్లటిది?" అన్నారు. "అదీ కొంగేనండీ, నల్ల కొంగ" అన్నాను. వెనకాల చుక్కాని పట్టుకున్న సరంగు తాత దగ్గాడు. ఆ పూట కృష్ణ మీద ఎగిరినవన్నీ కొంగలే అయ్యాయి. శాతవాహనులు నాలుగుసార్లు పుట్టారు కానీ, ఒక్కసారైనా స్తూపం కట్టే దాకా రాలేకపోయారు.

వాళ్లు ముందుగానే మాకు చెప్పి పెట్టిన సంగతి ఒకటుంది. భిక్షువులు మధ్యాహ్నం పన్నెండు దాటితే ఏమీ తినరు, మళ్లీ మర్నాడు పొద్దున్నే. "అదెంత పని! పదకొండు కొట్టేసరికి అమరావతి మెస్సులో విస్తరి ముందుంటారు" అని మావయ్య మాటిచ్చాడు. అందుకని లాంచీలో టీ, బిస్కెట్లు తప్ప ఏమీ పెట్టలేదు. ఆ బిస్కెట్లు కూడా కంగారులో మావయ్యే తినేశాడు. వైకుంఠపురం కొండ కనబడుతోంది, ఇంకెంత, వచ్చేశాం అనుకుంటుండగా కింద గరగరమని చప్పుడైంది. లాంచీ ఒక్క కుదుపు కుదిపి, ఇసుక మేట మీద గేదెలా చతికిలబడింది.

సరంగు తాత గెడ వేసి నెట్టాడు. మావయ్య ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, గంభీరంగా నీళ్లలోకి దూకాడు. నీళ్లు పిక్కలకి కూడా రాలేదు. "కంగారు పడకు అమ్మడూ, వైకుంఠం దగ్గరే ఉన్నాం" అన్నాడు. మెస్సుకి ఫోన్ చేస్తే పులిహోర, పప్పు, వంకాయ కూర అన్నీ సిద్ధంగా ఉన్నాయన్నారు. అవి అక్కడ, మేమిక్కడ. అప్పటికే పదకొండు దాటిపోయింది. పెద్దాయన నా మొహం చూసి, "ఒక పూట తినకపోతే ఏమీ కాదమ్మా" అన్నారు. ఆ మాటతో నాకు ఏడుపే వచ్చింది. పరాయి దేశం నుంచి మన స్తూపం చూద్దామని వచ్చిన ముసలాయన్ని పస్తు పెడుతున్నాం. పైగా కళ్లముందు బీఎడ్ కాలేజీ గేటు. నా క్యారేజీ తీసి చూశాను. అమ్మ కట్టిన పెరుగన్నం ఒక మనిషికి చాలీచాలనంత ఉంది.

ఇంతలో మేట ఆ చివర వేసుకున్న పట్టా గుడిసె ముందు నుంచి ఒకామె చెయ్యడ్డం పెట్టుకుని మమ్మల్ని చూసింది. దివిసీమ నుంచి భర్తతో చేపల వేటకి వచ్చి, ఆ సీజనంతా అక్కడే కాపురముంటున్నారట. నీళ్లలో నడుచుకుంటూ వచ్చి, "ఎట్టా ఇరుక్కున్నారండీ? పెద్దోళ్లున్నట్టున్నారు, అన్నం తిన్నారా?" అంది. మన వైపు ఎవరైనా ముందడిగేది అదే కదా. సంగతి చెప్పాను. "ఓస్, ఇంతేనా! పొయ్యి మీద అన్నం ఉంది, చేపల పులుసుంది, తెచ్చేస్తా" అంది. నేను చెవులు మూసుకున్నంత పని చేసి, "వద్దక్కా, వద్దు! వీళ్లు సన్యాసులు. అహింసే పరమ ధర్మం. ఆ వాసన కూడా పడదు" అని ఆవిడకి అక్కడికక్కడే, ఈసారి మధ్యలో ఆగకుండా, తెలుగులో ఉపన్యాసమిచ్చాను. ఆవిడ మొహం చిన్నబోయింది.

పెద్దాయన లాంచీ అంచుకొచ్చి, "ఆమె ఏమంటోంది?" అని అడిగారు. బిక్కుబిక్కుమంటూ చెప్పాను. "మా కోసం పట్టిన చేపా అని అడుగు" అన్నారు. అడిగాను.

"మీకోసమేందమ్మా! మీరొస్తారని నాకేం కలొచ్చిందా? మా ఆయన కోసం వండుకున్నా" అందామె.

అది అనువదించగానే పెద్దాయన గట్టిగా నవ్వి, "అయితే చాలు. మేం అడుక్కుని తినేవాళ్లం తల్లీ. తమ కోసం వండుకున్నదాంట్లో ఎవరైనా ప్రేమగా పెడితే తింటాం, ఎంచుకోం. మా నాన్న కూడా సముద్రం మీద చేపలు పట్టినవాడే" అన్నారు. నా ఎమ్మేలో ఈ పాఠం లేదు.

ముగ్గురూ దిగి మేట మీద వరసగా కూర్చున్నారు. ఆవిడ చేతులు కడుక్కుని, కొంగు తలమీదకి లాక్కుని, పొగలు కక్కే అన్నం, ఎర్రటి పులుసు భిక్షాపాత్రల్లో వడ్డించింది. నా పెరుగన్నం కూడా తలా కాస్త పెట్టాను. పన్నెండుకి ఇంకా కొంచెం ఉండగానే ముగించి, ముగ్గురూ ఆమె వైపు తిరిగి పాళీలో ఏదో చదివారు. "ఏమన్నారమ్మా?" అంది. అడిగి చెప్పాను: "ఆయుష్షు, అందం, సుఖం, బలం కలగాలని దీవించారక్కా."

"ఈ వయసులో అందం ఎందుకులే గానీ, వల నిండా చేపలు పడాలని దీవించమనండి" అంది.

సన్యాసుల్ని అడిగే వరమా ఇది! అయినా అనువదించాను. కుర్ర భిక్షువులిద్దరూ తలలు దించుకున్నారు, భుజాలు మాత్రం నవ్వుతో ఊగుతున్నాయి. పెద్దాయన, "నీ ఇంట్లో తిండికి ఏనాడూ లోటు రాకూడదు అని చెప్పు" అన్నారు.

చెప్పాను. ఆవిడ చేతులు తిప్పుతూ, "అదేగా నేనడిగింది!" అంది.

తర్వాత ఆమె భర్త, సరంగు తాత, మావయ్య కలిసి తాళ్లు కట్టి లాంచీని లాగారు. ఆ దంపతులిద్దరూ తమ పడవలో ముందు పోతూ లోతున్న దారి చూపించి, అమరావతి దాకా మా వెంట వచ్చారు. మెస్సులో మా పులిహోర ఆమె భర్తే తిన్నాడు, మొహమాటానికి తినడమేగానీ మనసు పులుసు మీదే ఉన్నట్టుంది. స్తూపం దగ్గర నేను మైకు తీయలేదు. పెద్దాయన చెప్పుల్లేకుండా, ఆ ఎండలో, స్తూపం దిబ్బ చుట్టూ మెల్లగా తిరుగుతుంటే, మాటాడకుండా వెనకాలే నడిచాను. వెళ్లేటప్పుడు ఆయన మావయ్యతో, "మీ అమ్మాయి మంచి గైడు. మాకు మనుషుల్ని చూపించింది" అన్నారు. ఆ ఒక్క మాట మావయ్య చెవిన వేయగానే అమ్మ బీఎడ్ ఊసు మానేసింది.

మరుసటి సీజన్‌లో ఆ మేట కోసం వెతికాను. వరదొచ్చి ఇసుకంతా ఎటో జరిగిపోయింది, గుడిసె లేదు. ఆ రోజు అక్కా అని పిలిచాను గానీ పేరడగాలని తోచలేదు. రాజుల పేర్లు అన్నేసి బట్టీ పట్టిన పిల్లకి, అన్నం పెట్టిన మనిషి పేరు అక్కర్లేకపోయింది. మా ఇంట్లో అప్పుడూ ఇప్పుడూ చేప వండరు. కానీ సాయంత్రం వీధిలో ఎవరింటి నుంచో పులుసు కమ్మగా వాసనొస్తే, నా కాళ్లు వాటంతటవే ఆగుతాయి. మా ఆయన వెనక్కి తిరిగి, "ఏంటి, ఆకలా?" అంటారు.

"కాదండీ, దణ్ణం పెట్టుకుంటున్నా" అంటాను. నిజంగానే చేతులు జోడిస్తాను, ఆ ఇంటి గేటు ముందు.